మా రాగి ఈ రోజు పోయింది. పెరట్లో పూడ్చాలంటే ఎంత లోతు తవ్వాలి?

తెనాలి_వాణి
మధ్యాహ్నం రెండింటికి పోయింది. నాటు కుక్క, పద్నాలుగేళ్లు. రైలు గేటు దగ్గర వానలో తడుస్తూ కనిపిస్తే మా మామగారు తువ్వాలులో చుట్టి ఇంటికి తెచ్చారు. ఒంటి రంగు తోమిన రాగి చెంబులా ఉందని ఆ పేరు కూడా ఆయనే పెట్టారు. ఎనిమిది నెలలుగా కిడ్నీల జబ్బు. ఈ రోజు పొద్దున పెరుగన్నం ముద్ద ఆయన చేతిలోనే ఉండిపోయింది, అది తల ఎత్తలేదు.

మాది తెనాలి దగ్గర పల్లె. పాత పెంకుటిల్లు, వెనక పది సెంట్ల పెరడు. మామగారు పెరట్లోనే పూడ్చాలంటున్నారు. మా వారి మేనత్త మాత్రం ఇంటి ఆవరణలో కళేబరం పాతితే అరిష్టం, కాలవ గట్టుకు పంపించండి అంటున్నారు. చెత్త ట్రాక్టరులో వేయడానికి నాకు చేతులు రావు. మా వారు గుంటూరు నుంచి వస్తున్నారు. మరిది బెంగళూరు నుంచి వచ్చేసరికి తెల్లవారుతుంది. అంతవరకు ఉంచవచ్చా? ఎంత లోతు తవ్వాలి? ఉప్పు వేయాలా? తెలిసినవాళ్లు కొంచెం త్వరగా చెప్పండి.

గోదారిగట్టు
అయ్యో. పద్నాలుగేళ్లంటే ఇంటి ఆడపిల్ల పోయినట్టే. నాలుగు అడుగులకు తగ్గకుండా తవ్వించండి. అడుగున పసుపు చల్లి, కళేబరం చుట్టూ నాలుగైదు కిలోల రాళ్ల ఉప్పు పోయండి. మా ఇంట్లో మూడు కుక్కలను అలాగే పూడ్చాం.

పశువైద్యం_విశ్రాంతి
పశువైద్యశాలల్లో ముప్పై రెండేళ్లు పని చేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. వాణి గారూ, గొయ్యి సంగతి తరువాత. చనిపోయిన రెండు మూడు గంటల్లో ఒళ్లు బిగుసుకోవడం మొదలవుతుంది. రాగి నిద్రపోయేటప్పుడు ఎలా పడుకునేదో అలాగే కాళ్లు పొట్ట వైపు ముడిచి, తల ముందుకాళ్ల మీదికి వంచి పెట్టండి. ఈ పని ఇప్పుడే చేయాలి. కాళ్లు చాపి బిగుసుకుపోతే గొయ్యి రెట్టింపు వెడల్పు కావాలి, దించేటప్పుడు చూసేవాళ్ల మనసు కూడా కష్టపడుతుంది.

కింద పాత దినపత్రికలు దళసరిగా పరచండి. మలమూత్రాలు కాస్త జారుతాయి, అది సహజం. కళ్లు పూర్తిగా మూసుకోవు, ఒత్తి మూయాలని చూడకండి. తెల్లవారేదాకా ఉంచాలంటే ఐసు కావాలి. అన్నిటికన్నా ముందు పాడయ్యేది పొట్ట. కాబట్టి ఐసు గడ్డలను రంపపు పొట్టుతో గోనెసంచిలో కట్టి పొట్ట కింద, చుట్టూ పెట్టండి. నడుమ ప్లాస్టిక్ పట్టా ఉండాలి, ఒళ్లు తడవకూడదు. ఫ్యాను కింద, చల్లని గదిలో ఉంచండి. రేపు పొద్దున ఎనిమిది దాటనివ్వకండి, ఇది శ్రావణం.

రెండు ప్రశ్నలకు జవాబు చెప్పండి. జబ్బు నెమ్మదిగా ముదిరిందా, లేక నాలుగైదు రోజుల్లో కామెర్లతో పడిపోయిందా? వరి పొలాల ఊళ్లలో ఎలుకల మూత్రం వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ కూడా కుక్క కిడ్నీలను దెబ్బతీస్తుంది, అది మనుషులకు సోకుతుంది. రెండోది, ఈ మధ్య దాన్ని ఏ కుక్కయినా కరిచిందా? గొంతు మారడం, దవడ వేలాడటం, చొంగ కారడం ఉన్నాయా? ఉంటే అది పిచ్చికుక్క రోగం (రేబిస్) కావచ్చు, ఎవరూ ముట్టుకోకుండా పశువైద్యశాలకు కబురు చేయాలి.

తెనాలి_వాణి
కాళ్లు ముడిచాను డాక్టర్ గారూ. వెనక కాలు అప్పటికే కొంచెం బిగిసింది, ఇంకో అరగంట ఆలస్యమైతే వంగేది కాదు. జబ్బు నెమ్మదిగానే వచ్చింది. సంక్రాంతి నుంచి రక్తపరీక్షలు చేయిస్తూనే ఉన్నాం, కిడ్నీల జబ్బును చూపే క్రియాటినిన్ నెల నెలా పెరుగుతూ వచ్చింది. కామెర్లు లేవు. కరవడం లేదు, ఈ రెండేళ్లుగా గేటు దాటలేదు. టీకాలన్నీ ఏటా వేయించాం. ఐసుకు మనిషిని పంపించాను.

పశువైద్యం_విశ్రాంతి
అయితే భయం లేదు. చేతులకు తొడుగులు వేసుకుని పని కానివ్వండి, తరువాత నేలను బ్లీచింగ్ పొడి నీళ్లతో కడగండి, చాలు.

కూకట్‌పల్లి_408
మీ బాధ అర్థమవుతుంది. అయినా ఇంట్లో పూడ్చవద్దనే చెబుతాను. ఇల్లు మనది అనుకుంటాం, శాశ్వతం అనుకుంటాం. రేపు అమ్మకానికి పెడితే? దహనం చేయించి బూడిద దగ్గర ఉంచుకోండి. హైదరాబాద్‌లో అయితే నాగోలు వైపు ఫతుల్లాగూడలో పెంపుడు జంతువుల దహనవాటిక ఉంది. మీ దగ్గర అలాంటివి ఉన్నాయేమో కనుక్కోండి.

తెనాలి_వాణి
పల్లెటూళ్లో అలాంటి సదుపాయం లేదండీ. పైగా మామగారికి డెబ్బై ఎనిమిదేళ్లు. దాన్ని ఇల్లు దాటించడమన్న మాటే ఆయన వినడం లేదు.

కోనసీమ_సుందరమ్మ
అరిష్టం అన్న మాట నేను ఒప్పుకోను. నాకు డెబ్బై ఒకటి. మా పుట్టింట్లో పెయ్యదూడ పోతే పెరట్లో కొబ్బరి చెట్టుకు నాలుగు బారల దూరంలో గొయ్యి తీసి పూడ్చేవారు. మా నాన్నగారు నిత్యం సంధ్యావందనం చేసుకునే మనిషి. దూడ నుదుట బొట్టు పెట్టి, పాత పంచె కప్పి, తానే మొదటి పలుగు వేసేవారు. ఆ ఇంట్లో తొమ్మిది పెళ్లిళ్లు జరిగాయి, అందరూ చల్లగా ఉన్నారు. మీ వారి మేనత్త గారితో గొడవ పడకండి, ఆవిడ భయం ఆవిడది. ఆ రోజు తలస్నానం చేసి దీపం పెడితే సరి అని నా మాటగా చెప్పండి.

మొక్కలపిచ్చి
గోదారిగట్టు గారు చెప్పిన ఉప్పు దగ్గర ఆగుతున్నాను. దయచేసి వేయకండి. మా పిల్లి మినుకును పూడ్చినప్పుడు ఎవరో చెప్పారని ఐదు కిలోలు పోశాం. దాని మీదే పారిజాతం నాటాను. మూడు వారాల్లో ఆకు అంచులు మాడాయి, రెండు నెలలకు కర్ర మిగిలింది. మళ్లీ నాటితే అదీ అంతే. బంకమట్టిలో ఉప్పు సులువుగా దిగిపోదు, ఎన్నేళ్లో పట్టింది. పువ్వులు రాలాలని కోరుకున్న చోట గడ్డి కూడా మొలవలేదు. ఆ బోసి నేలను చూసినప్పుడల్లా దాన్ని రెండోసారి పోగొట్టుకున్నట్టు ఉండేది.

గోదారిగట్టు
మా నాన్న కాలం నుంచి వేస్తున్నాం, వీధికుక్కలు వాసన పట్టకుండా. మాకెప్పుడూ నష్టం జరగలేదు. మేము ఆ చోట మొక్కలు వేయలేదు, నిజమే.

గుంటూరు_సలీమా
ఉప్పు కాకుండా సున్నం వేయమని మా పక్కింటివాళ్లు చెప్పారు. త్వరగా మట్టిలో కలిసిపోతుందట. నిజమేనా డాక్టర్ గారూ?

పశువైద్యం_విశ్రాంతి
ఆ మాట చాలా మంది నమ్ముతారు, అది సరి కాదు. సున్నం చుట్టూ పేరుకుని కుళ్లడాన్ని నిదానం చేస్తుంది. వాసన మాత్రం తగ్గిస్తుంది. దొమ్మ రోగంతో (ఆంత్రాక్స్) గొడ్డు చనిపోతే కోయకుండా ఆరడుగుల లోతున సున్నం వేసి పూడ్చమంటాం. ఎందుకంటే ఆ రోగపు బీజాలు మట్టిలో దశాబ్దాల పాటు బతికి ఉంటాయి, పైకి రాకూడదు. ఆ లెక్కను ఇంటి కుక్కకు తేనక్కర లేదు. ఉప్పూ వద్దు, సున్నమూ వద్దు. ఇరవై కిలోల కుక్కకు మూడడుగుల పొడవు, రెండున్నర వెడల్పు, నాలుగు అడుగుల లోతు. కళేబరం పైన మూడడుగుల మట్టి పడాలి. వీధికుక్కలను ఆపేది ఆ మట్టే.

నూలు బట్టలో చుట్టండి. ప్లాస్టిక్ సంచిలో కట్టి పూడిస్తే ఏళ్లు గడిచినా అది మట్టిలో కలవదు. నైలాను మెడపట్టీ ఉంటే తీసి దాచుకోండి. సగం మట్టి పోశాక పాత నాపరాళ్లు ఉంటే రెండు పరచండి.

పల్నాటిమెట్ట
లోతు గురించి డాక్టర్ గారు చెప్పింది ఎవరూ తేలికగా తీసుకోవద్దు. నాది చెబుతాను. చెప్పడం ఇదే మొదటిసారి.

మా వైపు రెండడుగులు తవ్వితే రాయి. తొమ్మిదేళ్ల కిందట మా భైరవుడు పోయినప్పుడు నేనూ మా తమ్ముడూ సాయంత్రం మొదలుపెట్టాం. గడ్డపార మొన వంగిపోయింది. చీకటి పడింది, చేతులు బొబ్బలెక్కాయి. అడుగున్నర చాలులే అనుకుని పూడ్చి, పైన నాలుగు రాళ్లు పెట్టి వచ్చాం. మూడో రోజు తెల్లవారుజామున కుక్కల అరుపులకు లేచాను. నేను పెరట్లోకి వెళ్లేసరికి తోడేశాయి. అప్పటికే మా పాప వెనక తలుపు దగ్గర నిలబడి ఉంది. దానికి ఆరేళ్లు. భైరవుడి తోక పట్టుకుని నడక నేర్చుకున్న పిల్ల అది.

ఆ రోజు పనికి వెళ్లలేదు. క్వారీలో పని చేసే ఇద్దరిని పిలిచి, సుత్తీ శానాలతో రాయి కొట్టించి నాలుగడుగులు దింపి మళ్లీ పూడ్చాను. పైన నాపరాళ్లు, వాటి మీద మట్టి, మట్టి మీద తుమ్మకంప. ఆ తరువాత ఎవరూ ముట్టుకోలేదు. కానీ పాపకిప్పుడు పదిహేనేళ్లు, పెరట్లో ఆ మూలకు ఇప్పటికీ వెళ్లదు. ఆ సాయంత్రం ఇంకో మూడు గంటలు తవ్వి ఉంటే సరిపోయేది. రాత్రయినా సరే, దీపం పెట్టుకుని అయినా సరే, పూర్తిగా తవ్వండి.

మొక్కలపిచ్చి
చదివి చాలాసేపు అలా కూర్చుండిపోయాను.

కోనసీమ_సుందరమ్మ
నాయనా, నువ్వు చేతనైనంత చేశావు. తెలిసిన రోజే సరి చేశావు. పాపతో ఒకసారి ఆ సంగతి నీ నోటితో మాట్లాడు. మాట్లాడకపోతే అది అలాగే ఉండిపోతుంది.

ఖమ్మం_రైతుబిడ్డ
పల్నాటిమెట్ట గారి మాటకు ఇంకొకటి కలుపుతాను. బాధ చూడలేక ఇంజెక్షన్‌తో నిద్రపుచ్చిన జంతువు అయితే లోతు ఇంకా ముఖ్యం అని విన్నాను. మందు ఒంట్లోనే ఉంటుందా?

పశువైద్యం_విశ్రాంతి
ఉంటుంది. పెంటోబార్బిటాల్ వాడితే అది కళేబరంలో చాలా కాలం పోదు. తోడి తిన్న కుక్క, గద్ద, రాబందు ఏదైనా ప్రాణం మీదికి తెచ్చుకుంటుంది. ఏ మందు వాడారో డాక్టరును అడిగి తెలుసుకోవడం యజమాని బాధ్యత.

ఫ్రాంక్‌ఫర్ట్_తెలుగు
జర్మనీలో సొంత ఇంటి తోటలో పూడ్చుకోవచ్చు. పైన కనీసం అర మీటరు మట్టి ఉండాలి, మంచినీటి రక్షిత ప్రాంతం కాకూడదు. బ్రేమెన్ రాష్ట్రంలో మాత్రం అనుమతి లేదు. అద్దె ఇల్లయితే యజమానిని అడగాలి. మాది అద్దె ఇల్లే. మా కుందేలు పోయినప్పుడు ఇంటి యజమానురాలిని అడిగితే ఆవిడే పార తెచ్చి ఇచ్చి, తన పిల్లిని పూడ్చిన చోటు చూపించి, దాని పక్కనే పెట్టుకోమన్నారు. భాష సరిగా రాని దేశంలో నన్ను సొంత మనిషిలా చూసిన మొదటి సందర్భం అది.

తెనాలి_వాణి
సాయంత్రం ఆరున్నర. మా వారు వచ్చారు. నిమ్మచెట్టు పక్కన తవ్వడం మొదలుపెట్టారు. రెండడుగులకే మట్టి బురదలా ఉంది, మూడు దాటేసరికి అడుగున నీళ్లు ఊరుతున్నాయి. చేటతో ఎత్తిపోసినా మళ్లీ నిండుతోంది. చుట్టూ నాట్లు పడ్డాయి, కాలవ నిండుగా పారుతోంది. ఇప్పుడేమి చేయాలి? నీళ్లలో దాన్ని పడుకోబెట్టలేను.

గోదారిగట్టు
డెల్టా ఊళ్లన్నిటికీ ఈ రోజుల్లో ఇదే బాధ. పెరట్లో మెరక ఎక్కడైనా ఉందా?

పశువైద్యం_విశ్రాంతి
ఆ గొయ్యి పూడ్చేయండి. మీరు అన్నది మనసు మాటే కాదు, పద్ధతి ప్రకారం కూడా సరి అయినదే. నీరు నిలిచే బంకమట్టిలో గాలి ఆడదు. కళేబరం సులువుగా కరగదు, కొవ్వు సబ్బులా గట్టిపడి అలాగే ఉండిపోతుంది. ఆ ఊట పక్క నూతిలోకో బోరులోకో దిగవచ్చు. తాగునీటి నూతికి వంద అడుగుల దూరం ఉంచమంటాం. మెరక లేకపోతే ఎవరిదైనా మెట్ట చేను చూసుకోవాలి. మీ బోరు ఎక్కడుంది, ఆ నీళ్లు తాగుతారా?

పల్నాటిమెట్ట
వాణి గారూ, మెరక దొరకకపోతే మా చేను ఉంది. సత్తెనపల్లి దాటాక అరగంట. ఈసారి రాయి కొట్టే మనుషులను ముందే పిలుస్తాను. సంకోచించకండి.

కూకట్‌పల్లి_408
ఇందాక ముక్తసరిగా రాశాను. ఎందుకు వద్దన్నానో చెబుతాను.

మా నాన్నగారి ఇంటి వెనక బాదం చెట్టు కింద మా స్నోయీని పూడ్చాం. తెల్ల పమేరియన్. నేను పదో తరగతిలో ఉన్నప్పుడు వచ్చింది, నా పెళ్లయిన ఏడాది పోయింది. చెట్టు మొదట్లో నాన్నగారు చిన్న అరుగు కట్టించారు. సాయంత్రాలు ఆయన అక్కడే కూర్చుని పత్రిక చదివేవారు. ఆయన పోయాక అన్నదమ్ములం కలిసి ఇంటిని అపార్ట్‌మెంటు కట్టడానికి ఇచ్చాం. సంతకం పెట్టిన రోజు నాకు స్నోయీ గుర్తు రాలేదు. ఈ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. నెల తరువాత వెళ్లేసరికి సెల్లారు కోసం పన్నెండు అడుగులు తవ్వేశారు. బాదం చెట్టు లేదు, అరుగు లేదు. ఆ మట్టి ఏ లారీలో ఏ దిక్కుకు వెళ్లిందో చెప్పగలిగినవాళ్లు లేరు. అక్కడ వచ్చిన ఫ్లాటు నాకూ ఒకటి ఉంది, అద్దెకు ఇచ్చాను. ఆ సెల్లారులో కారు నిలపలేను.

అందుకే అలా అన్నాను. వాణి గారి మనసు నొప్పించాలని కాదు.

కోనసీమ_సుందరమ్మ
స్నోయీ మట్టి అయిపోయాక కదా బాబూ లారీ ఎక్కింది. అది ఏ తోటలో పడిందో, ఏ చెట్టుకు ఎరువైందో. మీ నాన్నగారు అరుగు మీద కూర్చున్న సాయంత్రాలను మాత్రం ఎవరూ తవ్వుకుపోలేదు.

కూకట్‌పల్లి_408
మీ మాట చల్లగా ఉందమ్మా. అయినా నగరంలో ఉన్నవాళ్లకు దహనమే చెబుతాను.

తెనాలి_వాణి
రాత్రి తొమ్మిది. మెరక దొరికింది. మామగారే చూపించారు.

పెరటి చివర పాత పశువుల కొట్టం ఉంది. వరదకు ఎడ్లు తడవకూడదని ఆయన తండ్రి కాలంలో మట్టి తోలించి మూడడుగుల ఎత్తున దిమ్మ కట్టారట. ఇరవై ఏళ్లుగా అక్కడ పిడకలూ కట్టెలూ పెడుతున్నాం. మాకెవరికీ తట్టలేదు. ఆయన మాత్రం సాయంత్రం నుంచి లాంతరు పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నారు, మేము నిమ్మచెట్టు దగ్గర హడావిడి పడుతున్నాం. చివరికి చేతికర్రతో నేల మీద గీత గీసి, "ఎండాకాలం అది మధ్యాహ్నమంతా పడుకునేది ఇక్కడే" అన్నారు. మూడున్నర అడుగులు తవ్వాం, మట్టి పొడిగానే ఉంది. బోరు వీధి వైపు ఉంది, నడుమ ఎనభై అడుగులు. ఆ నీళ్లు తాగం, మొక్కలకూ కడుగుకోవడానికీ మాత్రమే.

పల్నాటిమెట్ట గారూ, మీ మాటకు చేతులెత్తి నమస్కారం. సత్తెనపల్లి అవతల ఒక మనిషి ఉన్నారన్న ధైర్యంతోనే ఇంకో చోటు వెతికాం.

పశువైద్యం_విశ్రాంతి
చాలా మంచి చోటు. ఇంకో అర అడుగు దించండి. అక్కడ ఊట కనిపిస్తే ఆపేసి, పైన మట్టి ఎక్కువ పోయండి.

విశాఖ_ఆరో_అంతస్తు
ఈ చర్చలో నా ప్రశ్న చిన్నది. మా ఇంట్లో జంట లవ్ బర్డ్స్‌లో ఒకటి పోయింది. నేల లేదు, బాల్కనీయే. పెద్ద కుండీలో పూడ్చవచ్చా?

మొక్కలపిచ్చి
నిక్షేపంగా. అడుగున్నర లోతున్న కుండీ తీసుకోండి. నూలు గుడ్డలో చుట్టి అడుగు మట్టి పైన ఉండేలా పెట్టండి. మొదటి నెల నీళ్లు తక్కువ పోయండి. మా అక్క అలా చేసి మరువం వేసింది.

విశాఖ_ఆరో_అంతస్తు
మా అబ్బాయికి ఐదేళ్లు. వాడికి చూపించాలా, నిద్రపోయాక చేయాలా?

గుంటూరు_సలీమా
చూపించండి. మా పిల్లిని పూడ్చినప్పుడు మా చిన్నవాడు బడికి వెళ్లాడు. వచ్చి అడిగితే పారిపోయిందని చెప్పాం. ఏడాది పాటు సాయంత్రం మిద్దె మీద పాల గిన్నె పెట్టి ఎదురుచూశాడు. ఆ గిన్నె చూసినప్పుడల్లా మేము చేసిన తప్పు తెలిసేది. చివరికి నిజం చెప్పాం. "ఆ రోజే చెబితే నేను కూడా మట్టి వేసేవాడిని కదా" అన్నాడు.

తెనాలి_వాణి
అయిపోయింది. పొద్దున ఆరున్నరకు.

మరిది ఐదింటికి దిగాడు. చెప్పులు కూడా విడవకుండా దాని దగ్గర కూర్చుని చెవులు నిమిరాడు. ఇద్దరూ ఒకే ఏడు ఈ ఇంట్లో అల్లరి మొదలుపెట్టారు, వాడు ఇంటరు, అది పిల్ల. ఒక సంక్రాంతికి అరిసెల డబ్బా మూత తీసింది తానేననీ, దెబ్బలు రాగికి పడ్డాయనీ ఇన్నేళ్లకు ఒప్పుకున్నాడు. అందరం ఏడుస్తున్నవాళ్లం నవ్వాం.

పొద్దున ఇంకో అర అడుగు దించుతుంటే పారకు ఏదో తగిలింది. ఎద్దు మెడకు కట్టే కంచు మువ్వ. మట్టి పట్టి నల్లగా అయిపోయింది. మామగారు తీసుకుని పంచెతో తుడిచారు. కుడి వైపు కట్టే ఎద్దుదట, ఎప్పుడు తెగిపడిందో. జేబులో వేసుకుంటారేమో అనుకున్నాను. మా అత్తగారి పాత నూలు చీరలో రాగిని చుట్టాక, దాని మెడ దగ్గర పెట్టి చీర మడత మూశారు. నైలాను పట్టీ మాత్రం తీసి దాచాను, డాక్టర్ గారు చెప్పినట్టే.

ఉప్పు వేయలేదు. సగం మట్టి పడ్డాక నాపరాళ్లు మూడు పరిచాం. పైన అడుగు ఎత్తున మట్టి పోసి, తుమ్మకంప దొరకక రేగుకంప కప్పాం. మేనత్త గారు పెరట్లోకి రాలేదు. ఆవిడ మాట ఆవిడదే. కానీ మేము లోపలికి వచ్చేసరికి అందరికీ వేడినీళ్లు కాచి ఉంచారు, ఉప్మా చేసి ఉంచారు. మామగారు తినలేదు. ఆయన ప్లేటు పక్కన ఎప్పుడూ ఉండే సత్తు గిన్నెను ఎవరు తీయాలో మాకు తెలియడం లేదు.

కోనసీమ_సుందరమ్మ
తీయకమ్మా. ఆయనే తీస్తారు. లేదా ఆయన తీయమన్న రోజు తీద్దువుగాని.

పల్నాటిమెట్ట
మువ్వ సంగతి మా పాపకు చదివి వినిపించాను. విని ఏమీ అనలేదు. కాసేపటికి "నాన్నా, మన భైరవుడిని దేనిలో చుట్టావు?" అని అడిగింది. తొమ్మిదేళ్లలో వాడి పేరు ఎత్తడం ఇదే మొదటిసారి. నా పాత లుంగీలో అని చెప్పాను. ఇద్దరం పెరటి గుమ్మం దాకా వెళ్లి నిలబడ్డాం.

గోదారిగట్టు
ఈసారి మా ఇంట్లో ఉప్పు వేయను.

పశువైద్యం_విశ్రాంతి
వాణి గారూ, ఒక సంగతి గుర్తుంచుకోండి. రెండు మూడు నెలల్లో ఆ మట్టి కిందికి కుంగుతుంది. భయపడకండి, అలాగే కావాలి. ఇంకో నాలుగు తట్టల మట్టి పోసి సమం చేయండి. మొక్క వెంటనే నాటవద్దు. ఆ పోషకం లేత వేళ్లను మాడుస్తుంది. నాటాలనుంటే రెండడుగులు పక్కగా నాటండి, తరువాత వేళ్లు వాటంతటవే చేరుకుంటాయి.

మొక్కలపిచ్చి
నందివర్ధనం వేయండి. కొట్టం నీడలో కూడా పూస్తుంది. గన్నేరు వద్దు, దాని ఆకూ కాయా అన్నీ విషమే, రేపు ఇంకో కుక్కపిల్ల ఆ ఇంట్లో తిరగవచ్చు.

తెనాలి_వాణి
కార్తీకం వచ్చింది. ఇక్కడ మళ్లీ రాయాలనిపించింది. మట్టి డాక్టర్ గారు చెప్పినట్టే జానెడు కుంగింది. మామగారు తానే తట్టతో పోశారు, మమ్మల్ని పట్టనివ్వలేదు. నందివర్ధనం రెండడుగులు పక్కగా నాటాను, నాలుగు కొత్త కొమ్మలు వచ్చాయి. సత్తు గిన్నె ఇప్పుడు కొట్టం చూరు కింద ఉంది, పిచ్చుకలకు నీళ్లు పోస్తున్నారు.

రేపల్లె_కిరణ్
వెతుకుతుంటే ఈ చర్చ కనిపించింది. మా పిల్లి చుక్కి అరగంట కిందట పోయింది. పదకొండేళ్లు. పెరడంతా పల్లమే, మధ్యాహ్నం నుంచి వాన. ఇంట్లో నేను ఒక్కడినే ఉన్నాను. మొదట ఏమి చేయాలో తోచడం లేదు. ఎవరైనా మేలుకుని ఉన్నారా?

తెనాలి_వాణి
ఉన్నాను. గొయ్యి గురించి ఇప్పుడు ఆలోచించకండి, వాన తగ్గాక చూద్దాం. ముందు అది ఎలా పడుకునేదో అలా కాళ్లు ముడిచి పెట్టండి. కింద పాత దినపత్రికలు వేయండి. పెట్టాక ఇక్కడ చెప్పండి, నేను ఇక్కడే ఉంటాను.